యజమాని సంతకం

ఆ రోజు రాతినేల మీద సూది పడిన చప్పుడు ఎవరికీ వినబడలేదు. వినబడి ఉంటే ఈ కథే లేదు.

పెద్దాసుపత్రి వెనక, శవాల గదికీ బాయిలరు షెడ్డుకూ మధ్య మా లాండ్రీ. అరవై మూడు మందిమి. పద్దెనిమిది వార్డుల దుప్పట్లు, గలీబులు, ఆపరేషన్ గౌన్లు రోజూ మా చేతుల మీదుగా పోతాయి. నెత్తుటితో వస్తాయి, తెల్లగా పోతాయి. మీరెప్పుడైనా ఆసుపత్రిలో తెల్లటి దుప్పటి మీద పడుకుని ఉంటే ఆ తెలుపు మా చేతుల తోలు ఊడితే వచ్చింది. నేను బాయిలరు మనిషిని. నిప్పు దగ్గర పని, నోరూ అలాగే ఉంటుందని మావాళ్లు అంటారు. అననివ్వండి.

ఉతికే ముందు దులపాలి. మా పనిలో అది మొదటి పాఠం. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి దుప్పటి కొసలు పట్టుకుని గాల్లో మూడుసార్లు కొడతారు. ఆ మూడు దెబ్బలకీ గదిలో ఎవరూ మాట్లాడరు. దగ్గొస్తే మింగుతారు. ఎందుకంటే, ఒక్కో నర్సుకు అరవై మంది రోగులున్నచోట సూదులు దుప్పట్లలోనే ఉండిపోతాయి. దులిపితే సూది రాతినేల మీద పడి టిణ్ మంటుంది. ఆ టిణ్ విన్న మనిషి చెయ్యెత్తాలి. అందరూ ఆగాలి. సూది దొరికాకే మళ్లీ దుప్పటి ముట్టుకోవాలి. మా అన్న చచ్చిపోయిన దగ్గర్నుంచీ నా ఇంట్లోనే ఉంటున్న మా వదిన ఈ పనిలో అందరికన్నా గట్టిది. సూది నేలని తాకకముందే వింటుందంటారు. లాండ్రీ అంతా ఆమెను చెవులక్క అనే పిలుస్తారు.

ఈ ఏడాది మొదట్లో కాంట్రాక్టరు ఒక తెలివైన పని చేశాడు. నీళ్లు పిండే పెద్ద యంత్రాన్ని పక్క షెడ్డులోంచి తెచ్చి దులిపే గదిలో పెట్టించాడు. మూటలు మోసే నడక తగ్గుతుందట. నడక తగ్గింది. యంత్రం మోతకి పక్కనున్న మనిషి కేక కూడా వినబడటం మానేసింది.

"అయ్యా, మేం చెవులతో పని చేసేవాళ్లం. ఇది ఇక్కడొద్దు" అని వదిన మొత్తుకుంది.

"చెవులతో ఉతుకుతారా మీరు? భలే! నేనింకా చేతులతో అనుకున్నా" అని కాంట్రాక్టరు పగలబడి నవ్వాడు.

నాలుగో రోజున సూది పడింది. ఎవరూ చెయ్యెత్తలేదు. కింద పడ్డ దుప్పట్లను వదిన రెండు చేతులా వాటేసి ఎత్తుకుంది. సూది అరచేతిలో దిగి వెనక వైపు చర్మాన్ని పైకి లేపింది. నేను బాయిలరు గుమ్మంలో నిలబడి చూశాను. ఆమె నోరు తెరవడం కనబడింది, అరుపు వినబడలేదు.

మూడు నెలలకు ఆమె కళ్లు పచ్చబడ్డాయి. అన్నం చూస్తే వాంతి. పరీక్ష చేసిన కుర్ర డాక్టరు కాగితం వైపు చూస్తూనే చెప్పాడు: "సూదిలోంచి వచ్చిన జబ్బు. కాలేయంలో కూర్చుంది. మందుంది. ఆరు నెలలు వాడాలి, మొదటి నెల మంచం మీదే ఉండి. కానీ ఆలస్యం చేస్తే కాలేయం రాయైపోతుంది. మహా అయితే ఇంకో ఆర్నెల్లు. ఆ తర్వాత మందు వేసినా ఒకటే, వెయ్యకపోయినా ఒకటే."

"మొదలుపెట్టండి మరి" అన్నాను.

"బయటివాళ్లకు ఆ మందు వరసలో రెండేళ్లు. సిబ్బందికైతే రేపే. ఈ ఫారం నింపించుకు రండి."

ఫారం ఒక్క పేజీ. పేరు, వయసు, ఏ చేతికి, ఏ తేదీన. అన్నీ నింపాం. అట్టడుగున ఒక గడి: యజమాని సంతకం. ఆ ఒక్క గడి. మా వదిన ప్రాణం ఆ రెండంగుళాల గడిలో పడింది.

ఆసుపత్రి సూపరింటెండెంటు ఫారం చూసి కళ్లద్దాలు తీశాడు. "మీరు మా వాళ్లు కాదమ్మా. కాంట్రాక్టు మనుషులు."

కాంట్రాక్టరు దగ్గరికి పోయాం. "నేను మనుషుల్ని తెచ్చి అప్పగించేవాణ్ణే. టెండరు ఇచ్చింది నగర కార్పొరేషను. వాళ్లే మీ యజమాని" అన్నాడు.

కార్పొరేషను ఆఫీసులో అడిగితే, "షెడ్డు మాది, టెండరూ మేమే పిలిచాం. కానీ ఆసుపత్రి రాష్ట్రానిది. రాష్ట్రం రాస్తేనే పిలిచాం" అన్నారు.

రాష్ట్ర ఆరోగ్య శాఖలో ఇంకో మాట: "లాండ్రీ పథకం కేంద్రానిది. మేం అమలు చేస్తాం, అంతే."

కేంద్రం ఆఫీసు మనిషి మర్యాదస్తుడు. కుర్చీ వేసి మరీ చెప్పాడు: "మేం యంత్రాలు ఇచ్చాం. మనుషుల్ని ఇవ్వలేదు."

అంటే ఆ పిండే యంత్రానికి యజమాని ఉన్నాడు. దాని పక్కన నిలబడ్డ మనిషికి లేడు.

ఇక్కడ మేం చేసిన తప్పు చెప్పాలి. దాచుకోను. అలాంటి తప్పు లాండ్రీ మనుషులే చేస్తారు. మా దగ్గర మూటలు గుర్తుల ప్రకారం విడదీస్తారు. ఆపరేషన్ మూటలు ఒక జట్టు, కాన్పుల మూటలు ఒక జట్టు, సాధారణ వార్డులవి ఒక జట్టు, స్పెషల్ వార్డువి ఒక జట్టు. ఒక జట్టు మూట ఇంకో జట్టు ముట్టదు. రోగం అంటుతుందని పెట్టిన పద్ధతి. ఆ పద్ధతే మా బుర్రల్లోకీ ఎక్కింది. ఆఫీసులు ఇన్ని ఉన్నాయి కదా, తలా ఒకటి పంచుకుందాం అనుకున్నాం. ఆపరేషన్ జట్టు కార్పొరేషనుకి, కాన్పుల జట్టు రాష్ట్ర శాఖకి, సాధారణ జట్టు సభలో మా ప్రాంతం మెంబరు దగ్గరికి, స్పెషల్ జట్టు కోర్టుకి. చాలా తెలివైన ఏర్పాటు అనుకుని ఒకరి భుజాలు ఒకరం తట్టుకున్నాం కూడా.

నాలుగు నెలలు తిరిగారు. ఏమైంది? ఎవరి ఆఫీసు వాళ్లకు ముద్దొచ్చింది!

"మెంబరుగారు నన్ను పేరు పెట్టి పిలిచాడు తెలుసా? సూది గాయాల చట్టం సభలో పాస్ చేయించింది ఆయనే" అని సాధారణ జట్టు మనిషి ఛాతీ విరిచేవాడు.

"పాసైన చట్టం ఎక్కడుంది మరి? శాఖ వాళ్లు దానికి ఇంకా రూల్సు రాయలేదన్నారు. రాయగానే మనదే మొదటి కేసు అని మా సెక్షనాఫీసరు మాటిచ్చాడు" అని కాన్పుల జట్టు.

"రూల్సు లేని చట్టం మీద మేమెలా ఆర్డరు వేస్తాం అన్నాడు జడ్జీ. రూల్సు రాయమని శాఖను తొందరపెట్టడం మా పని కాదు, ఎవరి హద్దు వారిది అన్నాడు. కానీ ఎంత జాలిగా అన్నాడో!" అని స్పెషల్ జట్టు.

చివరికి మీ ఆఫీసు వల్లే ఆలస్యం అంటే మీ ఆఫీసు వల్లే అని దులిపే గదిలో మాలో మేమే జుట్లు పట్టుకున్నాం. ఇటు వదిన బొమికలు బయటికొస్తున్నాయి. డాక్టరు చెప్పిన ఆర్నెల్లలో ఐదు అయిపోయాయి.

ఒక సెలవురోజు మధ్యాహ్నం ఆరబెట్టే మైదానంలో అందర్నీ పిలిచాను. తీగల మీద దుప్పట్లు ఎగురుతున్నాయి. వాటి మధ్య నీడ చూసుకుని కూర్చున్నారు. వదిన చాప మీద పడుకుని ఉంది. నాకు మీటింగులు నడపడం రాదు. నేరుగా అడిగాను.

"నెల రోజులుంది. ఏం చేద్దాం?"

కోర్టు చుట్టూ తిరిగి తిరిగి నాలుగు లా ముక్కలు నేర్చినవాడు మాలో ఒకడున్నాడు. ప్లీడరు బావ అంటాం. లేచాడు.

"తొందరపడొద్దు. అసలు అధికారాన్ని ఎందుకు పంచారో మీకు తెలీదు. అంతా ఒక్కడి చేతిలో ఉంటే వాడు రాజై కూర్చుంటాడు. అందుకని చట్టం చేసేది ఒకరు, నడిపేది ఒకరు, తప్పొప్పులు చెప్పేది ఒకరు. మళ్లీ పైన కేంద్రం, మధ్యలో రాష్ట్రం, కింద నగరం. ఒకరు హద్దు దాటితే ఇంకొకరు చెయ్యి పట్టుకుని ఆపుతారు. అది మన మంచికే."

కాన్పుల జట్టు పెద్ద, కాన్పుల పిన్ని, బట్టలకు పెట్టే క్లిప్పులు పళ్లతో పట్టుకుని ఉంది. తీసి పక్కన పెట్టింది.

"పంచుకున్నారు, బాగుంది నాయనా. మన వంతేది?"

"మన వంతు అంటే... ఓటుంది కదా పిన్నీ."

"వేశాగా! మూడు చోట్లకీ వేశా. కార్పొరేషనుకి వేశా, రాష్ట్రానికి వేశా, కేంద్రానికి వేశా. ఆ జడ్జీకి వెయ్యమంటే వాడికీ వేద్దును. నలుగురు మొగుళ్లున్న ఇంట్లో పొయ్యిలోకి కట్టె లేనట్టుంది నా సంగతి."

నవ్వారు. వదిన కూడా నవ్వబోయి కడుపు పట్టుకుంది. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

ఇస్త్రీ తాత అప్పటిదాకా నోరు మెదపలేదు. నలభై ఏళ్లుగా ఆవిరి పెట్టె దగ్గర నిలబడి వేళ్లు కాలిన మనిషి. కూర్చునే అన్నాడు:

"వాళ్లు అబద్ధం చెప్పారని తిడుతున్నారు మీరు. ఒక్కడూ అబద్ధం చెప్పలేదురా. చట్టం చేశానన్నవాడు చేశాడు. రూల్సు లేవన్నవాడి దగ్గర లేవు. నా హద్దు ఇంతే అన్నవాడి హద్దు అంతే. యంత్రాలిచ్చానన్నవాడు యంత్రాలే ఇచ్చాడు. అన్నీ నిజాలే. అందుకే ఎవడి పీకా మన చేతికి చిక్కలేదు. ఇన్ని నిజాలు కలిపితే ఒక మనిషి చావు అయింది."

"అయితే పని ఆపేద్దాం" అని వెనక నుంచి ఎవరో అరిచారు. "మొత్తం! ఒక్క దుప్పటి కదలకూడదు."

"ఆపేస్తే చచ్చేదెవరు?" పిన్ని గయ్యిమంది. "కాన్పుకొచ్చే పిల్ల నెత్తుటి దుప్పటి మీద పడుకోవాలా? ఆమె నీకేం చేసింది? ఆమె మొగుడూ మనలాంటి వాడేగా!"

"మరి ఇలాగే ఉతుక్కుంటూ చావమంటావా?"

"చావమన్నానా? ఆలోచించమన్నా!"

అరుపులు మొదలయ్యాయి. అరగంట గడిచింది. ఎవరి జట్టు వాళ్లు ఒక పక్కకు చేరుతున్నారు, మళ్లీ పాత రోగమే. అప్పుడు వదిన మోచేతి మీద లేచింది. గొంతు పీలగా ఉంది కానీ అందరూ దులిపే గదిలోలాగా ఊపిరి బిగబట్టారు.

"స్పెషల్ మూటలు ఎవరివి?" అని అడిగింది.

స్పెషల్ జట్టులో ఒకామె చెప్పింది: "నీకు తెలీదా అక్కా? కొత్త బిల్డింగు మూడో అంతస్తు. మంత్రిగారి మామ ఉన్నాడు. జడ్జీగారు మోకాలికి ఆపరేషన్ చేయించుకున్నాడు. శాఖ కార్యదర్శి తల్లి. కార్పొరేటర్లు ఇద్దరు, కేంద్రం ఆఫీసు పెద్ద ఒకడు."

"అంటే ఆఫీసులో కలవనివాళ్లంతా అక్కడ ఒకే వరండాలో పడుకున్నారు" అంది వదిన. "ఆ ఒక్క మూటా ఆపండి. మిగతావి ఉతకండి. మామూలు కన్నా తెల్లగా ఉతకండి."

ప్లీడరు బావే ముందు చెయ్యెత్తాడు. అతనితో కలిపి అరవై మూడు చేతులు లేచాయి. జట్లు రద్దన్నాం. ఆ రోజు నుంచీ ఎవరి మూటైనా అందరిదీ, స్పెషల్ మూట ఎవరిదీ కాదు.

సోమవారం ఉదయం స్పెషల్ వార్డు మూటలు వచ్చినవి వచ్చినట్టే గుమ్మం బయట పడున్నాయి. పైన ఫారం నకలు ఒకటి అంటించాం, ఖాళీ గడి చుట్టూ ఎర్ర సిరాతో గీత గీసి. మిగతా పదిహేడు వార్డుల బట్టలు మధ్యాహ్నానికే మడతలు పెట్టి పంపాం. సాధారణ వార్డులో ఒక ముసలాయన, "ఏమ్మా, ఈ రోజు దుప్పటి ఇంత తెల్లగుంది, నేను పోతున్నానా ఏంటి?" అని నర్సునడిగాడట.

మంగళవారం కాంట్రాక్టరు వచ్చాడు. "మీ అందర్నీ పీకేస్తా!"

"పీకడానికి నువ్వు మా యజమానివా? అయితే ఇక్కడ సంతకం పెట్టు" అని పిన్ని ఫారం చాపింది. మనిషి వెనక్కి తిరిగి చూడకుండా పోయాడు.

బుధవారానికి మూడో అంతస్తులో వాసన. జడ్జీగారి భార్య ఇంటి నుంచి దుప్పట్లు తెప్పించింది. అవీ మాసి మూటలో మా గుమ్మం దగ్గరికే వచ్చాయి, మంచి పువ్వుల దుప్పట్లు. వాటినీ ముట్టలేదు. గురువారం బయటి నుంచి వేరే మనుషుల్ని తెచ్చారు. మూటలు మోసుకొచ్చిన ఆ పన్నెండు మందికి వదిన తన చెయ్యి చూపించి, మూటల్లో ఏముంటుందో చెప్పింది. వాళ్లు గేటు దగ్గరే చేతులు కడుక్కుని వెళ్లిపోయారు.

శుక్రవారం ఏం జరిగిందో చూడండి. ఉదయం తొమ్మిదింటికి మా సమ్మె నేరమని మంత్రివర్గం ఆర్డినెన్సు. సభ కూర్చునే దాకా ఆగలేదు. పదకొండుకి దాని రూల్సు. మా సూది చట్టానికి రెండేళ్లుగా దొరకని రూల్సు రాసే చెయ్యి దీనికి రెండు గంటల్లో దొరికింది! పన్నెండున్నరకి కోర్టు ఆర్డరు: లాండ్రీకి వంద గజాల లోపల ఎవరూ గుమికూడరాదు. ఒంటిగంటకు జిల్లా అధికారి ఉత్తర్వు. రెండింటికి రెండు వ్యాన్ల పోలీసులు. కేంద్రం తన బలగాన్నీ ఒక లారీ పంపింది, యంత్రాలకు కాపలాకి. ఐదు నెలలు ఎవరి హద్దు వాళ్లదన్న పెద్దమనుషులు ఐదు గంటల్లో ఒక్క చెయ్యయ్యారు. మమ్మల్ని కాపాడాలంటే పది ముక్కలు, కొట్టాలంటే ఒకటే కర్ర!

ఇన్‌స్పెక్టరు గుమ్మంలో నిలబడి కాగితం చదివాడు. చదవడం అతనికి అలవాటున్నట్టు లేదు, ఒక్కో మాటా తొక్కుకుంటూ చదివాడు.

"పెద్దాసుపత్రి లాండ్రీ విభాగంలో పనిచేయుచున్న అత్యవసర ప్రభుత్వ సిబ్బంది తమ విధులను నిరాకరించుట నేరముగా పరిగణించి..."

"ఆగండి సార్" అన్నాడు ప్లీడరు బావ. "ఎవరన్నారు? మళ్లీ చదవండి."

"ఏం, చెవుడా?"

"యంత్రం మోత సార్, చెవులు పోయాయి. మళ్లీ చదవండి."

ఇన్‌స్పెక్టరు చిరాకుగా మళ్లీ చదివాడు. అత్యవసర ప్రభుత్వ సిబ్బంది. అందరికీ ఒకేసారి అర్థమైంది. తర్వాత పిన్ని ముందుకొచ్చింది. ఒడిలోంచి ఫారం తీసింది.

"కింద ఎవరు సంతకం పెట్టారు బాబూ, ఆ కాగితం మీద?"

"రాష్ట్ర ముఖ్య కార్యదర్శి."

"ఆయన్నే ఇక్కడ కూడా పెట్టమను. మేం ఆయన సిబ్బంది అంటున్నాడుగా. మేం పనిలోకి పోతాం. స్పెషల్ మూటలు గంటలో ఉతుకుతాం. కాగితం మీద రాయించుకోనక్కర్లేదు, ఇదిగో నా మాట."

సూపరింటెండెంటు అక్కడే ఉన్నాడు. మధ్యలో దూరాడు. "అమ్మా, అది ఈ సమ్మె వరకే. దీనికి వర్తించదు."

"ఏమన్నావు?"

"అంటే... శిక్షించే ప్రయోజనం కోసం మీరు ప్రభుత్వ సిబ్బంది. వైద్యం ప్రయోజనం కోసం కాదు."

అతను తిట్టలేదు. మామూలుగా, రోజూ చెప్పే మాటలా చెప్పాడు. అందుకే అందరికీ ఎక్కడో తగిలింది. ఇన్నాళ్లూ ప్రభుత్వాన్ని వెనకేసుకొచ్చిన ప్లీడరు బావ మెడలో తువ్వాలు తీసి నేలకేసి కొట్టాడు. నేను తుఫాను ముందరి గాలి చూశాను గానీ మనుషుల్లో చూడటం అదే మొదలు.

ఇస్త్రీ తాత లేచాడు. "సరే. వాళ్లు సంతకం పెట్టరు. ఇక అడగొద్దు" అన్నాడు. "చెవులక్కని లేపండి."

"ఎక్కడికి తాతా?"

"మూడో అంతస్తుకి. అక్కడి పెద్దమనుషులు మాసిన దుప్పట్లు పడక నిన్నే ప్రైవేటు ఆసుపత్రులకు పారిపోయారుగా. పన్నెండు మంచాలు ఖాళీ."

ఇది ఎవరూ అనుకున్న పథకం కాదు. ఒక ముసలాయన నోటెంబడి వచ్చింది, అంతే. గుమ్మం లోపల వదిన పడుకున్న చాప కొసలు నలుగురు పట్టుకున్నారు, దుప్పటి పట్టుకున్నట్టే. మిగతా వాళ్లం చుట్టూ గోడ కట్టాం. ఇన్‌స్పెక్టరు "ఏయ్!" అన్నాడు. లాఠీలు లేచాయి. నా భుజం మీద రెండు పడ్డాయి, బావకి నుదురు చిట్లింది. కానీ చాప ఆగలేదు. ఆసుపత్రి వరండాలోకి వచ్చేసరికి స్ట్రెచర్లు తోసేవాళ్లు వచ్చి కలిశారు. ఊడ్చేవాళ్లు చీపుర్లు పట్టుకునే వచ్చారు. రోగుల బంధువులు బెంచీల మీంచి లేచారు. పోలీసులకు ఎవర్ని కొట్టాలో తెలియలేదు. రోగినా, రోగి తల్లినా, ఎవర్ని? లిఫ్టు మనిషి తలుపు తీసి పట్టుకుని, "బరువు ఎక్కువైతే నన్ను దించండి" అన్నాడు.

స్పెషల్ వార్డు హెడ్ సిస్టరు గుమ్మంలో ఉంది. ముప్పై ఏళ్ల సర్వీసు ఆమెది, ఎవర్నీ నవ్వుతూ పలకరించదు. చాప మీది మనిషిని చూసింది. వెనక మా గుంపునీ చూసింది.

"దుప్పటి ఏదీ? మాసిన మంచం మీద వేస్తారా రోగిని?"

పిన్ని చంకలో ఉంది, ఆ ఉదయమే ఉతికింది. పరిచారు. వదినను పడుకోబెట్టారు. కుర్ర డాక్టరు మెట్ల మీంచి పరుగెత్తుకొచ్చాడు.

"ఫారం...?" అన్నాడు.

"లేదు" అన్నాను.

అతను ఒక్క క్షణం కిటికీ వైపు చూశాడు. బయట వ్యాన్లు. తర్వాత మంచానికి వేలాడే చార్టు తీసుకుని మందు పేరు రాశాడు, తన పేరు రాశాడు. సిస్టరు అలమర తాళం తీసింది, సెలైను పెట్టింది. వదిన మొదటి గోలీ మింగింది. నేను చూశాను. ఆరో నెలలో మొదటి గోలీ.

అరగంటకు వాళ్లు పైకి వచ్చారు. సూపరింటెండెంటు, ఇన్‌స్పెక్టరు, కోర్టు మనిషి, జిల్లా అధికారి తరఫున ఒకడు. ఈసారి కాగితం మీద మూడు సంతకాలు, మూడు ముద్రలు: అనుమతి లేకుండా చేరిన రోగిని వెంటనే వార్డు నుంచి తొలగించాలి. శాఖదీ ఉంది, జిల్లాదీ ఉంది, కోర్టుదీ ఉంది.

"తీసెయ్యండి" అన్నాడు సూపరింటెండెంటు, స్ట్రెచర్లు తోసేవాళ్ల వైపు చూసి.

వాళ్లు చేతులు వెనక్కి పెట్టుకున్నారు. "మేం కాంట్రాక్టు మనుషులం సార్. మీ వాళ్లం కాదు కదా" అన్నాడు వాళ్లలో పొడుగ్గా ఉన్నవాడు.

"ఆయా! నువ్వు పట్టు."

ఆయా చీపురు తీసుకుని శుభ్రంగా ఉన్న నేలనే ఊడ్చడం మొదలుపెట్టింది.

"సిస్టర్, మీరు పర్మనెంటు ఉద్యోగి. మీకు చెబుతున్నా."

"సెలైను ఎక్కుతోంది" అంది సిస్టరు. "నేను కదపను. నన్ను సస్పెండు చెయ్యండి. కానీ ఇంకో సిస్టరుతో చేయిద్దామనుకుంటే ముందు వెళ్లి అడగండి. మిగతా పదిహేడు వార్డుల్లో ఒక్కతె ఒప్పుకున్నా నేను పక్కకు తప్పుకుంటా."

ఇన్‌స్పెక్టరు ఇద్దరు కానిస్టేబుళ్లను తోశాడు. వాళ్లు మంచం దాకా వెళ్లారు. చక్రాలకున్న బ్రేకు ఎలా తీయాలో వాళ్లకు తెలియదు. తెలిసినవాళ్లు నలభై మంది చుట్టూ నిలబడి ఉన్నారు, ఎవరూ చెప్పలేదు. ఒక కానిస్టేబులు వంగి చక్రాన్ని తన్ని చూశాడు. తర్వాత తలెత్తి వదిన పచ్చటి కళ్లు చూసి నిలబడిపోయాడు. లిఫ్టు మనిషి లిఫ్టును కింద ఆపి తాళంచెవి జేబులో వేసుకున్నాడని మెట్ల మీది నుంచి కబురొచ్చింది.

మూడు ముద్రల కాగితం సూపరింటెండెంటు చేతిలో ఊగుతోంది. నడిపేవాళ్లూ, తీర్పు చెప్పేవాళ్లూ అందరూ దాని మీద ఉన్నారు. మంచం మాత్రం అంగుళం కదల్లేదు. అధికారం ఎన్ని ముక్కలైనా, ఎన్ని అంతస్తులైనా, చివరి మెట్టు మీద తోసే చేతులుండాలి. ఆ చేతులు మావని ఆ రోజుదాకా వాళ్లకూ గుర్తులేదు, మాకూ గుర్తులేదు.

మంచాన్ని పట్టలేకపోయినవాళ్లు మమ్మల్ని పట్టుకున్నారు. ముప్పై ఒక్క మందిని. తాతని, పిన్నిని, బావని, నన్ను, కుర్ర డాక్టరును కూడా. మిగిలిన మా వాళ్లు వదిన మంచం దగ్గర వంతులవారీగా కాపలా ఉన్నారు. మేం జైల్లో ఉన్న ఈ పదిహేడు రోజులూ పదిహేడు వార్డుల దుప్పట్లు ఆగలేదు. స్పెషల్ వార్డులో ఇప్పుడు పదకొండు మంచాలు సాధారణ రోగులతో నిండాయట. ఎవరు చేర్చారని విచారణ వేశారు. ఎవరి హద్దులోకి వస్తుందో తేలక ఆ విచారణ ఇంకా మొదలు కాలేదు.

నిన్న ములాఖత్‌కి ఆసుపత్రి వంటగది వాళ్లు వచ్చారు. కమ్మీల అవతల ఐదుగురు ఆడవాళ్లు. వదిన నాలుగు ముద్దలు తిన్నదని, కళ్ల పసుపు కాస్త తగ్గిందని చెప్పారు. తర్వాత అందరికన్నా పెద్దామె మోచేతి దాకా కాలిన చెయ్యి కమ్మీల మీద పెట్టింది. గంజి డేగిసా తిరగబడిందట. ఫారం ఇచ్చారట. అట్టడుగున అదే గడి.

"ఎన్ని ఆఫీసులు తిరిగావక్కా?" అని అడిగాను.

"ఒక్కటీ తిరగలేదు" అంది. "తిరగం."